పైచెయ్యి

హోటల్లో భోజనం అయింది. సర్వరు చిన్న పళ్ళెంలో సోంపు పలుకులూ, వాటి కింద మడిచిన బిల్లూ తెచ్చి బల్ల మధ్యన పెట్టాడు. అంతవరకూ పిల్లల పెళ్ళిళ్ళ గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ నెమ్మదిగా మాట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కసారిగా ఆ పళ్ళెం మీద పడతారు. "నేనిస్తాను." "అదేం కుదరదు, నేనే." "నా మీద ఒట్టే!" ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకుంటారు. ఒకరి పర్సు ఇంకొకరు మూసేస్తారు. పక్క బల్ల వాళ్ళు ఏదో తగాదా కాబోలనుకుని తలతిప్పి చూస్తారు. సర్వరు మాత్రం నవ్వడు. ఇలాంటి యుద్ధాలు రోజుకి పది చూస్తూ ఉంటాడు. ఓపిగ్గా నిలబడి, గెలిచినవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకుని వెళ్ళిపోతాడు.

ఈ దృశ్యం మీరు చూడకుండా ఉండరు. చూడడమేమిటి, అందులో మీరే ఉండి ఉంటారు. నేనైతే ఎన్నిసార్లున్నానో లెక్కలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ యుద్ధంలో నేను ఓడిపోయింది బహు తక్కువ. అందుకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. మొన్న మాఘమాసంలో ఒక సాయంత్రం, చార్మినారుకి ఎదురుగా టీ తాగుతుండగా, ఆ గర్వం కాస్తా దిగిపోయింది. ఎలాగో చెబుతాను.

తెనాలి నించి నా కాలేజీనాటి స్నేహితురాలు వచ్చింది. పేరు రాస్తే కోప్పడుతుంది కనక రాయను. కోఠీ ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ మూడేళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. అప్పట్లో వాళ్ళ నాన్నగారికి హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. తరవాత దానికి పెళ్ళయి తెనాలి వెళ్ళింది. ఆయనగారి వ్యాపారం రెండుసార్లు దెబ్బతింటే ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరి ముప్ఫై ఏళ్ళు ఇల్లు నెట్టుకొచ్చింది. ప్రైవేటు స్కూలు కనక పింఛను లేదు. ఇప్పటికీ సాయంత్రాలు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ట్యూషన్లు చెబుతుంది. మా ఇంట్లోనా, మావారి పింఛను వస్తుంది. అబ్బాయి అమెరికా నించి అడక్కుండానే పంపుతాడు. ఈ తేడా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎత్తం.

వస్తూనే సంచీ విప్పి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. గోంగూర పచ్చడి. మూత చుట్టూ గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి, రైల్లో నూనె కారకుండా నానా అవస్థా పడినట్టుంది. అది చూడగానే నేనన్న మాట ఇదీ: "ఎందుకే ఇంత బరువు మోసుకొచ్చావు? ఇక్కడ దొరకని వస్తువా?"

ప్రేమగానే అన్నాను. మీరైనా అదే అంటారు. అది నవ్వి ఊరుకుంది.

మర్నాడు ఇద్దరం ఊరిమీద పడ్డాం. ఆటో మాట్లాడతానంటే వద్దంది. "కాలేజీ రోజుల్లోలా సిటీ బస్సెక్కుదామే." సరేనన్నాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నించి ఈ రాష్ట్రపు ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం గదా! నా ఆధార్ కార్డు చూసి కండక్టరమ్మ సున్నా టిక్కెట్టు చేతిలో పెట్టింది. దాని కార్డు మీద ఆంధ్రా చిరునామా. "మీరు టిక్కెట్టు తీసుకోవాలమ్మా" అంది. నేను పర్సు తెరిచేలోగానే అది డబ్బు అందించేసింది.

"ఏం ఫరవాలేదు. 2025 ఆగస్టు 15 నించి మా రాష్ట్రంలో నాకూ ఉచితమే. నువ్వు తెనాలి వచ్చినప్పుడు నువ్వు కొనుక్కుందువుగాని" అని నవ్వింది.

ఆ టిక్కెట్టు ముక్కని మడిచి జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంది. బస్సు దిగాక పారేసే కాగితానికి అంత భద్రమేమిటా అనుకున్నాను. సాయంత్రం దాకా తన చేత్తో తను ఖర్చు పెట్టిన డబ్బు అదొక్కటే అవుతుందని నాకప్పుడేం తెలుసు?

కోఠీలో దిగి మా కాలేజీ గేటు ముందు కాసేపు నిలబడ్డాం. ఒకప్పటి బ్రిటిషు రెసిడెన్సీ అది. 1949లో మా కాలేజీ అందులోకి వచ్చింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఆ ఎత్తయిన స్తంభాలు, మెట్లకి రెండు పక్కలా కూర్చున్న రాతి సింహాలు ఇద్దరికీ గుర్తొచ్చాయి. "ఆ మెట్ల మీద ఎన్ని సమోసాలు తిన్నామో" అన్నాను. అది మాట్లాడలేదు. ఆ సమోసాలకి డబ్బులిచ్చిందెవరో నేను మర్చిపోయాను. అది గుర్తుంచుకుందో లేదో తెలియదు గాని, గుర్తు చెయ్యలేదు.

సుల్తాన్ బజారులో ఒక దుకాణంలోకి లాక్కెళ్ళి దానికి నేత చీర కొన్నాను. ధర కాగితం చూడనివ్వలేదు. "వద్దే, ఉన్నాయే చీరలు" అంటూనే ఉంది. "నోర్మూసుకో" అన్నాను. మధ్యాహ్నం అబిడ్స్‌లో భోజనం. అక్కడ బిల్లు యుద్ధం మొదలు కాకముందే ముగిసిపోయింది. ఈ ఫోన్లు వచ్చాక చూశారూ, ఆ యుద్ధం మరీ ఏకపక్షం అయిపోయింది. అది పర్సు జిప్పు తీసి, అరలో మడతపెట్టిన నోట్లు బయటికి తీసేలోగా నేను ఫోను చూపించడం, కౌంటరు దగ్గర డబ్బా ఇన్ని రూపాయలు ముట్టాయని పదిమందికీ వినబడేలా చెప్పడం, అన్నీ అయిపోయాయి. అది తెరిచిన జిప్పుని మళ్ళీ మూసేసింది. ఆ చప్పుడు నాకు వినబడింది. వినబడనట్టు ఊరుకున్నాను.

అక్కణ్ణించి ఆటోలో పాతబస్తీ. నయాపూలు దాటి, మదీనా దాటి, పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నించి చార్మినారు చేరాం. ఆటోకి నేనే ఇచ్చాను. 1591 నించీ అలా నిలబడి ఉన్న ఆ నాలుగు మినార్లూ ఎన్ని బేరాలు చూసి ఉంటాయో! ఆ పక్కనే లాడ్ బజారు. వీధి పొడుగునా గాజులే. అద్దాలవి, రాళ్ళవి, ముత్యాలు పొదిగినవి. ఎండ పడితే వీధంతా మెరుస్తుంది. హైదరాబాదు లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అంతవరకూ నా వెనకాలే నడిచిన మనిషి ఒక దుకాణం ముందు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి కూర్చుంది. "నీ సైజెంతే? రెండూ ఆరా, రెండూ ఎనిమిదా?" అని నన్నే అడిగింది.

"నాకెందుకే? ఇంట్లో డబ్బాలకి డబ్బాలున్నాయి."

"నేను అడిగింది సైజు."

దుకాణం ఆయన నవ్వి నా మణికట్టు చూసి తనే చెప్పాడు, రెండూ ఎనిమిదని. అది అన్ని రంగులూ చూసింది. ఆయన ఎరుపు చూపించాడు, వంగపండు రంగు చూపించాడు. చివరికి ఆకుపచ్చవి ఎంచింది. నన్ను అడగలేదు. సన్నటి తెల్లరాళ్ళు దగ్గరదగ్గరగా పొదిగిన జత. ఆయన ఆరువందలన్నాడు.

అది పర్సు తీసింది. నేను ఆగలేకపోయాను. "ఆరువందలా! ఇంకేమైనా ఉందా! మూడువందలకి పక్క దుకాణంలో ఇస్తున్నారు" అన్నాను. నిజానికి పక్క దుకాణంలో నేను అడగలేదు. ఆయన ఐదువందల యాభై అన్నాడు. నేను లేచాను. ఐదువందలన్నాడు. మెట్టు దిగాను. "అమ్మా, రాళ్ళన్నీ చేత్తో అతికించినవి, చూడండి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూర్చుని అతికిస్తారు" అన్నాడు. నేను చూడలేదు. చివరికి మూడువందల యాభైకి ఖాయం చేసి, యుద్ధం గెలిచినదాన్లా దాని వంక చూశాను. రెండువందల యాభై మిగిల్చి పెట్టానా లేదా? ట్యూషన్లు చెప్పుకునే మనిషి డబ్బు!

అది ఒక్కమాటా అనలేదు. మూడున్నర వందలు లెక్కపెట్టి ఇచ్చింది. ఆయన కాగితంలో చుట్టి ఇస్తే ఆ పొట్లం నా చేతిలో పెట్టింది. "ఇంటికెళ్ళాక వేసుకుంటాలే" అని నేను సంచీలో పడేశాను.

తరవాత చార్మినారుకి ఎదురుగా ఇరానీ హోటల్లో టీకి కూర్చున్నాం. మీకు తెలిసే ఉంటుంది, ఇరానీ చాయ్‌కి డికాషను వేరే, పాలు వేరే. డికాషను మూతపెట్టి చాలాసేపు సన్నటి సెగ మీద మగ్గుతుంది. పాలు చిక్కబడేదాకా విడిగా కాగుతాయి. కప్పులోకి వచ్చాకనే రెండూ కలుస్తాయి. రెండు టీలూ, ఒక పళ్ళెంలో ఉస్మానియా బిస్కెట్లూ వచ్చాయి. సగం తీపీ సగం ఉప్పూ ఉండే ఆ బిస్కెట్టుకి ఆఖరి నిజాము ఉస్మాన్ అలీఖాన్ పేరే పెట్టారంటారు. తిన్నాం, తాగాం. అలవాటు కొద్దీ నా చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది.

అది నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు, ఊరికే పట్టుకుంది.

"నేను నీకు కొన్న గాజుల ధర కూడా తగ్గించావు. ఈ టీకన్నా నన్నివ్వనీ."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అని తేల్చేసుకునేదాన్ని. ఆ చిన్న పర్సులోంచి నోట్లు తీసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రెండు నిమిషాలూ కూర్చోవడం నాకెంత కష్టమైందో! పొద్దుటినించీ నేను చేసిన ఖర్చంతా ఒక ఎత్తు, ఆ టీ డబ్బులు దాని చేత ఇవ్వనివ్వడం ఒక ఎత్తు. ఊరికే కూర్చోవడం ఎందుకంత కష్టం? ఆ ప్రశ్నే ఇన్నాళ్ళుగా నన్ను పట్టుకుంది.

పైచెయ్యి అనే మాట మనం ఎన్నిసార్లు వాడుతుంటాం! వాడిది పైచెయ్యి అయింది, ఆవిడ తనదే పైచెయ్యి అనిపించుకుంది అంటాం. ఇచ్చేటప్పుడు చూడండి, ఇచ్చేవాళ్ళ చెయ్యే పైన ఉంటుంది, పుచ్చుకునేవాళ్ళది కింద. పోతనగారి భాగవతంలో వామనుడికి మూడడుగుల నేల ధారపోసే ముందు బలిచక్రవర్తి పొంగిపోయేది ఈ సంగతికే. సాక్షాత్తూ లక్ష్మీపతి చెయ్యి కిందా, తన చెయ్యి పైనా ఉండబోతున్నందుకు. బలి దానం గొప్పదే, కాదనను. కాని తరవాత ఏమైంది? పైచెయ్యి అనుకున్నవాడి నెత్తి మీదికి పాదం వచ్చింది. ఇవ్వడంలో ఉన్న ఆ చిన్న పొంగు ఎంత మంచివాళ్ళకైనా తప్పదని చెప్పడానికే ఆ కథలో ఆ మాట పెట్టారేమో అనిపిస్తుంది.

ఆ పొంగు నాలోనూ ఉంది. చీర కొన్నప్పుడు ఉంది, భోజనం బిల్లు కట్టినప్పుడు ఉంది. దానికి నేను ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. ప్రేమ లేదని కాదు, ఉంది. కాని దాంతో పాటు ఇంకోటీ ఉంది. దాన్ని ఏమీ ఇవ్వనివ్వకుండా చూసుకోవడంలో, "నీ దగ్గర లేదు, నా దగ్గర ఉంది" అని నోటితో అనకుండానే పొద్దుటినించీ పదిసార్లు అన్నాను. చివరికి అది నాకిస్తున్న వస్తువుని కూడా బేరమాడి చవక చేశాను. ఆరువందల గాజులివ్వాలనుకున్న మనిషి చేత మూడున్నర వందల గాజులిప్పించాను. పైగా ఆ తగ్గించిన రెండున్నర వందలూ ఎవరివి? రోజంతా కూర్చుని ఒక్కొక్క రాయీ అతికించిన ఎవరో ఆడవాళ్ళ కూలిలోంచి కూడా కొంత తెగి ఉంటుంది. ఒకే ఒక్క బేరంతో ఎన్ని చేతులు కిందికి నొక్కానో!

"అయితే ఆవిడ ఇబ్బంది తెలిసీ ఖర్చు పెట్టించడం ధర్మమా?" అని మీరడగచ్చు. మా పక్కింటావిడ అడిగింది కూడా. న్యాయమైన ప్రశ్నే. ఆ రెండువందల యాభై దానికి రెండు మూడు రోజుల కూరల ఖర్చు. నేను చాలా ఆలోచించాను. ఇబ్బంది తెలిసిన మనిషిని ఖరీదైన చోట్లకి తీసుకెళ్ళి మొగమాటపెట్టకపోవడం మన ధర్మం. ఇది కొనమని, అది కొనమని అడగకపోవడం మన ధర్మం. కాని తనంతట తను ఇవ్వదలుచుకున్నది ఎంతలో ఇవ్వాలో తేల్చడానికి మనమెవరం? ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచరుకి తన పర్సులో లెక్క తెలియదా? దాని కూరల డబ్బు లెక్క నేను కట్టడం జాలి. జాలి చూపించిన చోట స్నేహం ఒక మెట్టు కిందికి దిగుతుంది.

కుచేలుడి కథ చిన్నప్పటినించీ వింటున్నాం. అందులో గొప్పంతా కృష్ణుడు ఇచ్చిన సంపదలో ఉందనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. చిరుగుల బట్టలో ముడివేసుకుని తెచ్చిన అటుకులు చూపించడానికి కుచేలుడు సిగ్గుపడుతుంటే, కృష్ణుడే అడుగుతాడు, నాకేం తెచ్చావని. అడిగి, ముడి విప్పి, గుప్పెడు నోట్లో వేసుకుంటాడు. రెండో గుప్పెడు తీసుకోబోతే రుక్మిణి ఆపాల్సి వచ్చింది. ద్వారకలో అటుకులు దొరకవా? "ఎందుకయ్యా ఇంత దూరం మోసుకొచ్చావు, ఇక్కడ లేనివా?" అని ఆయన అనలేదు. అని ఉంటే, తరవాత ఎన్ని మేడలిచ్చినా కుచేలుడు ఒక బీద బ్రాహ్మడుగానే ఇంటికెళ్ళేవాడు. అటుకులు తిన్నాడు కనక స్నేహితుడుగా వెళ్ళాడు.

ఈ సంగతి మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. శ్రావణమాసంలో వాయనాలిస్తాం గదా! ఇచ్చే ఆవిడ ఇచ్చానంటే సరిపోదు. పుచ్చుకునే ఆవిడ పుచ్చుకున్నానని నోరారా చెప్పాలి. ఆ మాట లేకపోతే నోమే పూర్తికాదు. పుచ్చుకునే ఆవిడనే గౌరీదేవిగా భావించి పసుపు రాసి, బొట్టు పెట్టి, కాళ్ళకి దణ్ణం పెడతాం. అంటే ఆ రోజుకి పుచ్చుకునే చెయ్యి కిందిచెయ్యి కాదన్నమాట. పైగా ఈవేళ ఈ ఇంట్లో ఇచ్చిన ఆవిడే రేపు పక్కింట్లో పుచ్చుకుంటుంది. ఒక్కరే ఎప్పుడూ ఇస్తూ ఉండిపోయే ఏర్పాటు అందులో లేదు.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. కానుక విషయంలో మనుషుల మీద మూడు బాధ్యతలుంటాయన్నాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. మధ్యలో ఉన్న ఆ రెండోదాన్ని ఒక బాధ్యతగా మనం ఎప్పుడన్నా అనుకున్నామా? అదేదో తప్పనిసరై చేసే పనిలా, మొగమాటానికి ఒప్పుకునేదిలా అనుకుంటాం. మన ఆడవాళ్ళకి మరీనూ. అందరికీ వడ్డించి ఆఖర్న తినడం, అందరికీ కొని మనకి వద్దనడం, ఇదే మంచితనమని నేర్పారు. నేర్చుకున్నాం. "నాకేం వద్దమ్మా, మీరు సుఖంగా ఉంటే చాలు" అనే అత్తగారు ఎంత గట్టి అధికారం చేస్తుందో కోడళ్ళందరికీ తెలుసు. కోడలు మొదటి జీతంతో కొన్న చీర మడత నలక్కుండా బీరువాలో పదేళ్ళుంటుంది. ఆ చీర కట్టుకుని ఒక్కసారి గుడికి వెళ్ళి ఉంటే, ఆ ఇంట్లో గాలే మారిపోయేది కాదూ?

మనకి ఋణానుబంధం అని ఒక చక్కటి మాట ఉంది. అప్పునీ, బంధాన్నీ ఒక్క ముడిలో వేసిన మాట. కొట్లో పద్దు తీర్చేస్తే ఖాతా కొట్టేస్తారు, ఇంక కొట్టువాడికీ మనకీ ఏం లేదు. స్నేహంలో పద్దు చెల్లుకు చెల్లు చేసేసుకోవడం ఎవరికి కావాలి? కొంచెం బాకీ అటూ, కొంచెం బాకీ ఇటూ మిగిలి ఉండాలి. ఎప్పుడూ నేనే ఇచ్చేస్తూ ఎవరికీ ఏమీ బాకీ పడకుండా బతుకుదామనుకోవడం పైకి ఉదారంగా కనబడుతుంది గాని, నాకు ఎవరి అవసరమూ లేదని చెప్పడమే అది.

ఆ రాత్రి దాన్ని రైలెక్కించాలి. సాయంత్రం ఇంటికి రాగానే సంచీలోంచి గాజుల పొట్లం తీశాను. కాగితం విప్పాను. ఆకుపచ్చ. అప్పుడు గుర్తొచ్చింది.

1976లో మేము సెకండియర్. మా ఇంట్లో మేం ఆరుగురం పిల్లలం. నాన్నగారు గుమస్తా. బస్సు డబ్బులు తప్ప నా చేతిలో ఏమీ ఉండేది కాదు. కాంటీన్లో సమోసా అయినా, సినిమా టిక్కెట్టయినా అదే కొనేది. కొన్నానన్న మాట ఒక్కనాడూ దాని నోట రాలేదు. దాని పుట్టినరోజు వచ్చింది. వారం రోజులు బస్సెక్కకుండా నడిచి, ఆ డబ్బులతో సుల్తాన్ బజారులో డజను మట్టిగాజులు కొన్నాను. ఆకుపచ్చవి. కాగితంలో చుట్టి తెచ్చి, ఇవ్వనా వద్దా అని మధ్యాహ్నం దాకా దాచుకున్నాను. దాని చేతికి బంగారు గాజులుండేవి. ఈ మట్టిగాజులు చూసి ఏమనుకుంటుందో!

అది పొట్లం విప్పింది. ఆ సింహాల మెట్ల మీదే కూర్చుని, చేతికున్న బంగారు గాజులు తీసి పుస్తకాల సంచీలో పడేసి, ఆ ఆకుపచ్చ గాజులు వేసుకుంది. "ఎందుకే నీకీ ఖర్చు?" అనలేదు. చెయ్యి పైకెత్తి గలగలలాడించి, క్లాసులో కనబడిన ప్రతివాళ్ళకీ చూపించింది. ఆఖరి గాజు పగిలేదాకా అవే వేసుకుంది. ఆ ఏడాదంతా అది నాకు పెట్టినవన్నీ నేను తలవంచుకోకుండా తినగలిగానంటే ఆ ఒక్క మధ్యాహ్నం వల్లనే.

పుచ్చుకోవడం దానికి పద్దెనిమిదో ఏట తెలుసు. నాకు డెబ్భై దగ్గరపడుతున్నా ఇంకా తెలియలేదు.

గాజులు వేసుకుని స్టేషనుకి వెళ్ళాను. అది చూసింది, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఇలాంటివి మాటల్లో పెడితే పాడైపోతాయి. దారిలో తినడానికి పులిహోర పొట్లం ఇస్తే మాత్రం హాయిగా తీసుకుంది. "అరిటాకులో కట్టావుటే! వాసన ఎంత బాగుందో" అని అక్కడే ముక్కు దగ్గర పెట్టుకుంది. దానికి చేతనైన విద్య అది.

మర్నాడు మధ్యాహ్నం గోంగూర సీసా మూత తీశాను. వేడన్నంలో నూనె వేసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుని, ఇద్దరి అన్నం నేనొక్కదాన్నే తిన్నాను. చెయ్యి కడుక్కోకుండానే దానికి ఫోను చేశాను.

"చేరావుటే?"

"ఆఁ, పొద్దున్నే. ఈసారి నువ్వు రావాలి తెనాలి."

"వస్తాను. బస్సు టిక్కెట్టు నువ్వు కొనాలి మరి."

అది పకపకా నవ్వింది. "కొంటాలే. ఇంకేం కావాలి?"

ఈ ప్రశ్నకి నేను జన్మలో ఒకే జవాబు చెబుతూ వచ్చాను. నాకేం వద్దే, నువ్వు బాగుంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"గోంగూర పచ్చడి" అన్నాను. "ఈసారి పెద్ద సీసాతో పెట్టవే. ఇది వారం కూడా రాదు."